పచ్చబొట్టు – పని – పలకరింపు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ ఏడాది పచ్చబొట్టు గురించి మాట్లాడతామని చెప్పినప్పుడు కమిటీలో ఒకరిద్దరు నవ్వారు. జకాతు, చదువులు, పెళ్ళిళ్ళ ఖర్చు ఇన్ని ఉండగా ఇదేం విషయం అన్నారు. నవ్వాల్సిన విషయం కాదని మా అభిప్రాయం. మన సంఘం గడప తొక్కే కుర్రాళ్ళలో ఉద్యోగం కోసం వచ్చేవాళ్ళున్నారు, రక్తదానానికి వచ్చేవాళ్ళున్నారు, గల్ఫు కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళున్నారు. ముగ్గురికీ చొక్కా చెయ్యి పైకి మడిచే సమయం ఒకటి వస్తుంది. అప్పుడు కనిపించేది ముందే తెలిసి ఉంటే కొందరి దారి వేరుగా ఉండేది.

పచ్చబొట్టు మన డెల్టాకు కొత్త కాదు. సూదులు, మసి పట్టుకుని ఎరుకల ఆడవాళ్ళు ఊరూరా తిరిగి పొడిచేవారు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల గ్రంథంలో ఈ వృత్తి గురించి రాశాడు. పొడిచిన చోట గుంటగలగరాకు రసం రుద్దితే నీలి నలుపు తేలి నిలిచిపోతుందని పాతవాళ్ళకు తెలుసు. చుక్కలు, తేలు, పుట్టింటి పేరు, మొగుడి పేరు. నొప్పి తగ్గుతుందని కీళ్ళ మీద పొడిపించుకున్నవాళ్ళూ ఉన్నారు. ముసలితనంలో ఏ నగ మిగిలినా మిగలకపోయినా ఇది మాత్రం మట్టి దాకా వెంట వస్తుందని చెప్పుకునేవారు. పల్లెల్లో ఇరుగుపొరుగుతో కలిసి పెరిగిన మన ఇళ్ళల్లోనూ కొందరు నానీల, దాదీల ముంజేతుల మీద ఆ నీలి చుక్కలు చూశాం. వాళ్ళను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు, అంతే.

ఇంకో పచ్చబొట్టు ఉంది, దాని సంగతి తక్కువమందికి తెలుసు. ఆంగ్లేయుల కాలంలో జీవితఖైదు పడినవాళ్ళ నుదుటి మీద నేరం పేరు పొడిచేవారు. బెంగాల్‌లో మొదలై మద్రాసు రాష్ట్రంలోనూ సాగింది. 1849లో రద్దుచేశారు. అప్పట్లో మచ్చపడ్డవాడు తలపాగా కిందికి లాక్కుని తిరిగేవాడట. ఒంటి మీద గుర్తు చూసి మనిషిని తేల్చెయ్యడం అనే అలవాటు ఎంత పాతదో తెలుస్తుందని ఇది చెప్పాం. ఆ అలవాటు చట్టంలోంచి పోయింది గానీ మన కళ్ళల్లోంచి పోలేదు.

ఇప్పటి పచ్చబొట్టు మిషను మీద పొడుస్తారు. ఎడిసన్ కనిపెట్టిన కరెంటు కలం పద్ధతిని మార్చి న్యూయార్క్‌లో ఓరైలీ అనే ఆయన 1891లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. మన తీర్థాల్లో గొడుగు కింద కూర్చునేవాడి దగ్గరా అదే, రాజమండ్రిలోనో కాకినాడలోనో ఏసీ టాటూ షాపులోనూ అదే. సూది పై చర్మాన్ని దాటి రెండో పొరలో రంగు దింపుతుంది. ఒంట్లోని రక్షణ కణాలు ఆ రంగును శత్రువనుకుని మింగుతాయి, అరిగించుకోలేక అక్కడే ఉండిపోతాయి. అందుకే అది పోదు. మన ఆడపిల్లలు పెట్టుకునే మెహందీ పై పొరకు మాత్రమే పడుతుంది, రెండు మూడు వారాల్లో ఆ పొరతోపాటే రాలిపోతుంది. రెండింటినీ ఒకే గాటన కట్టి మెహందీనీ అనుమానించేవాళ్ళున్నారు. అది పొరపాటు. (బజార్లో కోనుల్లో అమ్మే నల్ల మెహందీ సంగతి మాత్రం వేరు. అందులో తలకు వేసే రంగు రసాయనం కలుపుతారు, చేతులు బొబ్బలెక్కుతాయి. పెళ్ళిళ్ళ ముందు తల్లులు గమనించాలి.)

ధర్మం మాటకు వద్దాం. పచ్చబొట్టు పొడిచేవారినీ, పొడిపించుకునేవారినీ దైవప్రవక్త (స) శపించారని ఇబ్నె ఉమర్ (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. హదీసులో స్త్రీల ప్రస్తావన ఉన్నా ఆదేశం మగవాళ్ళకూ వర్తిస్తుందని ఉలమాలు చెబుతారు. అల్లాహ్ సృష్టిని మార్చడం గురించి సూరా నిసా 119వ ఆయతులో వచ్చిన హెచ్చరికను కూడా దీనికి ముడిపెడతారు. కాబట్టి పొడిపించుకోవచ్చా అని అడిగేవాళ్ళకు జవాబు ఒక్కటే, వద్దు. కొందరు కుర్రాళ్ళు అరబీలో అల్లాహ్ పేరు రాయించుకుంటే పుణ్యమేగా అంటున్నారు. ఆ చేత్తోనే మరుగుదొడ్డికి వెళ్తాం కదా బాబూ! ప్రేమ ఉంటే నాలుక మీద ఉండనివ్వు.

ఇంతవరకు అందరూ చెప్పేదే. చెప్పనిది ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఇప్పటికే పొడిపించుకున్నవాడి సంగతేమిటి?

హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) పేరు మీరు వినే ఉంటారు. జాఫర్ (రజి) గారి భార్యగా అబిసీనియాకు వలస వెళ్ళినవారు, తర్వాత అబూబక్ర్ (రజి) గారి ఇల్లాలు. అబూబక్ర్ (రజి) జబ్బుపడి ఉండగా చూడవచ్చిన ఒక తాబయీ, ఆయన దగ్గర కూర్చుని ఈగలు తోలుతున్న ఆమె చేతుల మీద పచ్చబొట్లు ఉన్నాయని చెప్పిన ఉల్లేఖనం తబరానీలో ఉంది. నిషేధం రాకముందు, అజ్ఞాన కాలంలో పొడిపించుకున్నవని విద్వాంసులు వివరించారు. ఆమెను ఎవరూ దూరం పెట్టలేదు. ఆమె చెప్పిన హదీసులు కాదనలేదు. ఆ చేతులతోనే ఆమె ఖలీఫాకు సేవ చేశారు. తర్వాతి కాలంలో అల్జీరియా, మొరాకో కొండల్లోని అమాజీగ్ ముస్లిం వృద్ధురాళ్ళకు నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు ఉండేవి. ఆ ముఖాలతోనే సజ్దా చేశారు.

వుజూ విషయంలో మన దగ్గర చాలా గందరగోళం ఉంది. పచ్చబొట్టు ఉంటే నీళ్ళు చర్మాన్ని తాకవు, నమాజు చెల్లదు అని ఎవరో అంటారు, పదిమంది నమ్ముతారు. గోళ్ళరంగు చర్మానికీ నీటికీ మధ్య పొర కడుతుంది, కాబట్టి దాన్ని తీయాలి. పచ్చబొట్టు రంగు చర్మం లోపల ఉంటుంది, నీళ్ళు పైన తడుపుతాయి. వుజూ అవుతుంది, గుసుల్ అవుతుంది, నమాజు అవుతుంది. మాకు తెలిసిన ఒక దాదీ, ఎనభై దాటిన మనిషి, దుపట్టా కొంగుతో ముంజెయ్యి కప్పుకుని మా ఇంటి ఆడవాళ్ళను అడిగింది: “నేను పోతే నా గుసుల్ చెల్లుతుందామ్మా? జనాజా చదువుతారా?” ఎన్నేళ్ళు ఆ భయం మోసిందో. చెల్లుతుంది దాదీ, చదువుతారు, చర్మం కోయాల్సిన పని లేదు అని చెబితే చాలాసేపు ఏడ్చింది. ఆ భయం ఆమెకు గ్రంథాలు పెట్టలేదు. మనుషులు పెట్టారు.

ఇక ఉద్యోగాలు. మన జిల్లాల్లో మిలటరీ అంటే గౌరవం. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తాం, రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరు మనుషులను పంపింది. మన కుర్రాళ్ళు కూడా తెల్లవారుజామున గట్ల మీద పరుగులు తీస్తున్నారు. వాళ్ళు వినాలి. ఆర్మీ నోటిఫికేషన్లలో చెరగని పచ్చబొట్టును ఒంటి మీద రెండు చోట్లే ఒప్పుకుంటారు: మోచేతి లోపలివైపు నుంచి మణికట్టు దాకా ఉండే ముంజేతి లోపలి భాగం, అరచేతి వెనకవైపు. మెడ మీద, భుజం మీద, ఛాతీ మీద ఉంటే మెడికల్‌లో ఆపేస్తారు. ఆచారం ఉన్న గిరిజన తెగలవారికి మినహాయింపు ఉంది, మన ఏజెన్సీ పిల్లలకు అది వర్తిస్తుంది, మైదానంలో మనకు వర్తించదు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో ఇంకా బిగింపు. ముంజెయ్యి అయితే ఎడమదే అవ్వాలి, ఎందుకంటే కుడిది సెల్యూట్ చేసే చెయ్యి. సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతు కన్నా తక్కువ ఉండాలి. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా నిండుగా పొడిపించుకున్నవాడు పరుగు పందెంలో మొదటివాడైనా ఇంటికి రావాల్సిందే. ఇలా ఆగిపోయినవాళ్ళు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, కొన్ని కేసుల్లో పచ్చబొట్టు తీయించుకుని మళ్ళీ మెడికల్ బోర్డు ముందుకు వెళ్ళే వీలు దొరికింది. కానీ ఢిల్లీ దాకా వెళ్ళి లాయరును పెట్టుకోగల తండ్రి మనలో ఎంతమంది? నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ ఆ పేరా చదువుకోండి. నిబంధనలు మారుతుంటాయి, షాపువాడు మాత్రం ఎప్పుడడిగినా “ఏం కాదు బ్రో” అనే అంటాడు.

ప్రైవేటు పనుల్లో రాసిపెట్టిన నియమం ఉండదు, చూపు ఉంటుంది. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో గ్లౌజుల కింద ఎవరి చెయ్యి ఎవరికీ పట్టదు. మెకానిక్ షెడ్డులో పట్టదు. నగల కొట్టు కౌంటర్లో, ఆసుపత్రి రిసెప్షన్లో, స్కూల్లో పడుతుంది. మా ఎరుకలో ఒక కుర్రాడు బీకాం ఫస్ట్ క్లాసు. ఒక ప్రైవేటు సంస్థవాళ్ళు ఇంటర్వ్యూలో మెడ మీది అక్షరాలు చూసి, ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. పచ్చబొట్టు ఉన్నవాడు రౌడీ అనే లెక్క వాళ్ళది. ఆ లెక్క తప్పని మేమంటాం. కానీ మేమన్నంత మాత్రాన అతనికి ఆ ఉద్యోగం రాలేదు. ఎండాకాలం మన రోహిణీ కార్తెలో కూడా కాలరు పైదాకా గుండీ పెట్టుకుని తిరుగుతున్నాడు.

అన్నిటికన్నా భారమైనది రక్తం సంగతి. ఒకే సూది, ఒకే రంగు గిన్నె నలుగురికి వాడితే హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ ఒకరి నుంచి ఒకరికి వెళ్ళగలవు. అందుకే జాతీయ రక్త మార్పిడి మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్ళ దగ్గర 12 నెలలు రక్తం తీసుకోకూడదు. శిబిరంలో ఫారం నింపేటప్పుడు ఆ ప్రశ్నకు సిగ్గుపడి లేదని రాయకండి తమ్ముళ్ళూ. మీ రక్తం ఎక్కేది తలసీమియా పిల్లకో, కాన్పులో ఉన్న తల్లికో. వెనక్కి పంపితే అవమానం అనుకోవద్దు, ఏడాది తర్వాత రండి.

గల్ఫుకూ దీనికీ ఉన్న లింకు చాలామంది గమనించరు. కోనసీమ నుంచి, నరసాపురం నుంచి కువైట్, ఒమన్ వెళ్ళే మన ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఎందరో. వీసాకు ముందు గుర్తింపు ఉన్న సెంటర్లో మెడికల్ చేయించుకోవాలి. అక్కడ చూసేది చేతి మీది బొమ్మను కాదు, రక్తాన్ని. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, ఊపిరితిత్తుల్లో టీబీ, వీటిలో ఏది తేలినా అన్‌ఫిట్ అని రాస్తారు. ఏజెంటుకు కట్టిన డబ్బు, తాకట్టు పెట్టిన బంగారం ఆ ఒక్క మాటతో పోతాయి. తీర్థంలో తీసుకున్న బొమ్మకు అంత ఖరీదు కట్టాల్సి రావచ్చు. హెపటైటిస్ బీకి మూడు డోసుల టీకా ఉంది, వేయించుకోండి. సీకి టీకా లేదు, మందు ఉంది. ఇదివరకే పొడిపించుకున్నవాళ్ళు ఏజెంటుకు రూపాయి ఇవ్వకముందే పరీక్ష చేయించుకోవడం తెలివైన పని.

తీసేయించుకోవాలంటే? లేజర్ ఉంది. రంగును పొడి పొడి చేస్తుంది, ఆ పొడిని ఒళ్ళే మెల్లగా ఊడ్చుకుంటుంది. ఒక్కసారితో కాదు, కొన్ని వారాల ఎడంతో చాలాసార్లు వెళ్ళాలి. నలుపు త్వరగా లొంగుతుంది, పచ్చ, పసుపు మొండికేస్తాయి. మనలాంటి చామనచాయ ఒంటి మీద తెల్ల మచ్చ మిగలొచ్చు, కాబట్టి చర్మ డాక్టరు దగ్గరికే వెళ్ళాలి, బ్యూటీ పార్లరుకు కాదు. సున్నం, చాకలి సోడా కలిపి పెట్టడం, యాసిడ్ చుక్క వెయ్యడం మాత్రం చెయ్యొద్దు. సెలక్షన్లకు వారం ముందు ఇలా కాల్చుకున్న చేతిని మేము చూశాం. పచ్చబొట్టు సగం పోయింది, పుండు పూర్తిగా వచ్చింది, రెండింటికీ కలిపి ఆపేశారు. తీయించుకునే స్తోమత లేనివాడికీ, తీస్తే హాని ఉన్నవాడికీ తౌబా చాలని ఉలమాలు అంటున్నారు. అంటే అతని లెక్క అతనికీ అల్లాహ్‌కీ మధ్య తేలిపోయింది. దాన్ని మళ్ళీ తెరిచే పని మనది కాదు.

కానీ తెరుస్తున్నాం. వుజూఖానాలో చొక్కా చేతులు మడిచినప్పుడు పక్కవాడు చూసే చూపు, “ఇలాంటి వాళ్ళు కూడా వస్తున్నారా” అని వినబడేలా అనే మాట, ఇవి విని ఆ కుర్రాడు జుమా మానేసి పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటున్నాడు. ఆర్మీవాళ్ళకు కొలతలు కావాలి, వాళ్ళ అవసరం వాళ్ళది. మసీదుకు మెడికల్ బోర్డు లేదు కదా! సంబంధాలు చూసేటప్పుడూ ఇంతే. కట్నం ఎంత అడుగుతారో చెప్పడానికి సంకోచించనివాళ్ళు అబ్బాయి మోచేతి మీది పద్దెనిమిదేళ్ళ నాటి గుర్తును పట్టుకుని చరిత్ర తీస్తారు. ఆడపిల్లకు మణికట్టు మీద చిన్న పువ్వు ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. వాళ్ళమ్మ పెంపకం దాకా వెళ్తారు.

ఉలమాలకు ఒక విన్నపం. హదీసు చెప్పేరోజు అస్మా (రజి) గారి ఉల్లేఖనం కూడా అదే ఖుత్బాలో చెప్పండి. విడిగా ఇంకోవారం చెబితే, మొదటివారం విని వెళ్ళిపోయినవాడు రెండోవారానికి ఉండడు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ వాడు పొడిపించుకుని ఇంటికి వస్తే ఆ రాత్రి కొట్టకండి. చేతికి వాపు, జ్వరం ఉన్నాయేమో చూడండి, శుభ్రమైన నీళ్ళతో కడిగించండి, సూది కొత్తదేనా అని అడగండి. తిట్లకు తర్వాత బోలెడు రోజులున్నాయి.

సభ ముగిశాక భోజనాల దగ్గర కుడివైపు బల్ల మీద మన సంఘం డాక్టర్లు ఇద్దరు కూర్చుంటారు. హెపటైటిస్ పరీక్ష ఎక్కడ చేయించాలో, టీకా ఎప్పుడు వేయించాలో చెబుతారు, పేరు రాయించనక్కర్లేదు. మిలటరీ, పోలీసు సెలక్షన్లకు వెళ్ళే పిల్లలు ఆ పక్క బల్ల దగ్గర నోటిఫికేషన్ తెలుగులో అడిగి చదివించుకోవచ్చు. ఆడవాళ్ళకు పరదా వెనక విడిగా ఏర్పాటుంది. అజాన్ వేళ అవుతోంది, వుజూ కుళాయిలు బయట ఎడమవైపున ఉన్నాయి. వస్సలాము అలైకుం.