కట్ కొట్టే ముందు ఒక్క నిమిషం: ఫైళ్లను ఫోల్డర్ నుంచి ఫోల్డర్‌కి మార్చడం

శింగనమల నుంచి మాట్లాడుతున్నాను. కరెంటు ఉన్నప్పుడే రికార్డు చేసేయాలని పొద్దున్నే కూర్చున్నాను, కాబట్టి నేరుగా విషయానికి వచ్చేస్తా. ఈరోజు మౌస్ ముట్టుకోకుండా ఫైళ్లను ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి ఎలా మార్చాలో చూద్దాం. ముందు కీబోర్డుతో, తర్వాత కమాండ్లతో. మధ్యలో నేను చేసిన ఒక తప్పు కూడా చెప్తాను. అసలు ఈ ఎపిసోడ్ దాని కోసమే.

ముందు కీబోర్డు. విండోస్ కీ పట్టుకుని ఈ నొక్కితే ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుంటుంది. మనకు కావలసిన ఫోల్డర్‌లోకి వెళ్లాం. అన్ని ఫైళ్లూ కావాలంటే కంట్రోల్ ఏ. వరసగా కొన్ని కావాలంటే షిఫ్ట్ పట్టుకుని కింది బాణం. అక్కడొకటి ఇక్కడొకటి కావాలంటే కంట్రోల్ వదలకుండా బాణాలతో కదులుతూ, కావలసిన ఫైల్ దగ్గర స్పేస్ బార్ నొక్కండి. ఇది చాలామందికి తెలీదు, ఒకసారి చేసి చూడండి. తర్వాత కంట్రోల్ ఎక్స్. చేరవలసిన చోటికి వెళ్లి, కొత్త ఫోల్డర్ కావాలంటే కంట్రోల్ షిఫ్ట్ ఎన్, పేరు పెట్టి ఎంటర్, ఇంకో ఎంటర్ కొట్టి లోపలికి వెళ్లి కంట్రోల్ వి. అంతే. పొరపాటు జరిగితే వెంటనే కంట్రోల్ జెడ్.

కట్ కొట్టి మర్చిపోతే ఫైల్ పోతుందా అని చాలామంది అడుగుతుంటారు. పోదు. వర్డ్‌లో అక్షరాలు కట్ చేస్తే అక్కడి నుంచి మాయమవుతాయి గానీ, ఫైల్ అలా కాదు. కాస్త మసగ్గా కనిపిస్తుందంతే, పేస్ట్ చేసేదాకా ఎక్కడికీ కదలదు.

మరి ప్రమాదం యాడుందంటే, పేస్ట్ చేసిన తర్వాతే ఉంది.

ఒకే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి మారిస్తే ఎంత పెద్ద సినిమా అయినా క్షణంలో అయిపోతుంది. ఎందుకంటే ఫైల్ కదల్లేదు. ఇల్లు అక్కడే ఉంది, రిజిస్టర్‌లో చిరునామా మారింది, అంతే. కానీ డి డ్రైవ్ నుంచి పెన్ డ్రైవ్‌కి మారిస్తే కథ వేరు. అక్కడ కంప్యూటర్ రెండు పనులు చేస్తుంది. ముందు కాపీ, తర్వాత పాతదాన్ని డిలీట్. మనం చూసేది ఒక్క పచ్చ గీతే. పైగా అలా డిలీట్ అయినది రీసైకిల్ బిన్‌లోకి కూడా పోదు.

ఇప్పుడు నా సంగతి. మా అవ్వ మాటలు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాను, మొత్తం 43 ఫైళ్లు. మా చెరువు మరవ పారిన ఏడు ఊరంతా కట్ట మీదికి ఎట్లా పోయిందో, వాన రాని ఏడు చెనిక్కాయ విత్తనం కోసం ఎవరి దగ్గర చెయ్యి చాచారో, అట్లాంటివి. అనంతపురంలో ఒకాయన గోల పోయేట్టు శుభ్రం చేసిస్తానంటే, పాత విండోస్ 7 డెస్క్‌టాప్ నుంచి పెన్ డ్రైవ్‌లోకి కట్, పేస్ట్ కొట్టాను. గీత నిండింది, బాక్స్ మూసుకుంది. బయట బస్సు హారన్ కొడుతోంది. పెన్ డ్రైవ్ లాగేసి పరిగెత్తాను.

అనంతపురంలో తెరిస్తే ఆరు ఫైళ్లు పలకలేదు. పేరుంది, లోపల ఏమీ లేదు. ఇంటికొచ్చి చూస్తే డి డ్రైవ్‌లో అవి లేవు. ఉండవు కదా, నేను కట్ చేశాను. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో రెండు దొరికాయి. నాలుగు పోయాయి. మళ్లీ చెప్పమని అవ్వని అడిగితే, "ఎన్ని తూర్లు చెప్పల్ల నాయనా, చెప్పినా కదా" అంది. అప్పటికే ఆమెకి జ్ఞాపకం తప్పుతోంది. ఒకటి చెప్పింది గానీ, అది వేరే కథ అయిపోయింది.

తప్పు ఎక్కడంటే, కాపీ అయిపోయిందని స్క్రీన్ చెప్పినా కొంత డేటా ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. విండోస్ దాన్ని నిదానంగా పెన్ డ్రైవ్‌లోకి రాస్తుంది. 2018లో వచ్చిన విండోస్ 10, 1809 వెర్షన్ నుంచి ఈ పద్ధతిని మార్చి, వెంటనే తీసేయడానికి వీలుండేట్టు పెట్టారు. అయినా ఎజెక్ట్ కొట్టకుండా నేనైతే ఇప్పటికీ లాగను. బస్సు పోతే పోనీ.

ఇక కమాండ్లు. ఫోల్డర్‌లో ఉండగా ఆల్ట్ డి నొక్కితే పైన అడ్రస్ గడిలోకి పోతాం. అక్కడ సి ఎం డి అని కొట్టి ఎంటర్ చేస్తే నల్ల కిటికీ అదే ఫోల్డర్‌లో తెరుచుకుంటుంది. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే విండోస్ కీ, స్పేస్ నొక్కి ఇంగ్లీషుకి రండి. తెలుగు పేర్లున్న ఫైళ్లు పాత కిటికీలో డబ్బాలుగా కనిపించొచ్చు, భయపడొద్దు, ఫైల్ బాగానే ఉంటుంది. ట్యాబ్ కీ కొడుతూ పోతే పేర్లు ఒక్కొక్కటే వస్తాయి. పేరు మధ్యలో ఖాళీ ఉంటే రెండు వైపులా కోట్ గుర్తులు పెట్టాలి.

మార్చడానికి కమాండ్ మూవ్. తమాషా ఏంటంటే, 1993లో ఎంఎస్ డాస్ 6 వచ్చేదాకా డాస్‌లో ఆ కమాండే లేదు. కాపీ చేసి, చూసుకుని, ఆ తర్వాత డెల్ కొట్టేవాళ్లు. నన్నడిగితే ఆ పాతోళ్ల అలవాటే మంచిది.

మూవ్‌లో ఒక గుంట ఉంది. చేరవలసిన ఫోల్డర్ లేకుండా ఒక్క ఫైల్‌ని మూవ్ చేశారనుకోండి, ఆ ఫోల్డర్ పేరే ఫైల్ పేరుగా మారిపోతుంది. చివరన ఎంపీ3 కూడా ఉండదు, ఫైల్ పోయిందనుకుని వెతుక్కుంటాం. కాపీ కమాండ్ ఇంకా ఘోరం. ఫోల్డర్ లేకపోతే, నక్షత్రం గుర్తుతో ఇచ్చిన ఫైళ్లన్నీ కలిపి ఒకే ఫైల్‌గా అతికించేస్తుంది. అందుకే ముందు ఎం డి అని కొట్టి ఫోల్డర్ చేసుకోండి. ఇంకో సంగతి, మూవ్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే డ్రైవ్‌కి తీసుకుపోలేదు, యాక్సెస్ డినైడ్ అంటుంది.

అందుకే నేను వాడేది రోబోకాపీ. విస్టా నుంచి విండోస్‌లోనే ఉంది, డౌన్‌లోడ్ అక్కర్లేదు. స్క్రీన్ మీద చూడండి: రోబోకాపీ, ఖాళీ, డి కోలన్ బ్యాక్‌స్లాష్ అవ్వ, ఖాళీ, ఎఫ్ కోలన్ బ్యాక్‌స్లాష్ అవ్వ, ఖాళీ, స్లాష్, పక్కన ఇంగ్లీషు ఈ అక్షరం. లోపలి ఫోల్డర్లతో సహా పోతాయి, అక్కడ ఫోల్డర్ లేకపోతే అదే చేసుకుంటుంది. అయ్యాక ఒక పట్టిక చూపిస్తుంది. అందులో ఫెయిల్డ్ అనే వరసలో సున్నా ఉందో లేదో చూడండి. స్లాష్ మూవ్ అని పెడితే కాపీ చేసి పాతవి తీసేస్తుంది. నేను పెట్టను. స్లాష్ ఎం ఐ ఆర్ అని ఎవరైనా చెప్తే ఆగండి, మొదటి చోట లేనివన్నీ రెండో చోట తుడిచేస్తుంది అది.

ఇప్పుడు పెన్ డ్రైవ్ ఎజెక్ట్ చేసి, తీసి, మళ్లీ పెట్టండి. ఎఫ్ సి, స్లాష్ బి, తర్వాత రెండు ఫోల్డర్ల దారులు, ఒక్కోదాని చివర నక్షత్రం చుక్క నక్షత్రం. ఒకే పేరున్న ఫైళ్లను లోపలి దాకా పోల్చి చూస్తుంది. ప్రతి ఫైల్ కింద నో డిఫరెన్సెస్ అని రావాలి. 43 ఫైళ్లకి రెండు నిమిషాలు కూడా పట్టదు. అవన్నీ వచ్చాక, ఒకటి రెండు వినిపించుకుని, అప్పుడు డి డ్రైవ్‌కి వెళ్లి డిలీట్ కొట్టండి.

అవ్వవి మిగిలిన 39 ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. వాటికి తేదీల ప్రకారం ఒక్క కమాండ్‌తో పేర్లు మార్చడం వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఎక్కడైనా ఎర్రర్ వస్తే ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాసి పంపండి, చూసి చెప్తాను. ఉంటాను.