అనుమతి అక్కర్లేదు, ఊరూ పేరూ చెప్పండి చాలు

వేదిక మీది పెద్దలకు నమస్కారాలు, పతకాలు అందుకున్నవారికి అభినందనలు రెండు ముక్కల్లో ముగించి, ముఖ్య అతిథి నేరుగా నీటి పైపుల సంగతిలోకి దిగారు. పట్టణాల మంచినీటి పథకాలకు డిజైన్లు చేస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపిన ఇంజినీరు ఆయన. సివిల్, కంప్యూటర్ సైన్స్ పట్టభద్రులు పక్కపక్కనే కూర్చున్న ఆ స్నాతకోత్సవంలో ఆయన పట్టుకున్న విషయం ఒక్కటే. ప్రభుత్వ ఉద్యోగులు రాసి అందరికీ వదిలిన సాఫ్ట్‌వేర్‌ను మనం ఎలా వాడుకుంటున్నాం?

ఆయన చేతిలో నలిగిన ఉదాహరణ ఈపానెట్. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థలో లూయిస్ రాస్‌మన్ రూపొందించిన ఈ ప్రోగ్రాం 1993లో వెలువడింది. పైపుల్లో ప్రవాహమెంత, పీడనమెంత, చివరి కొళాయి దాకా క్లోరిన్ ఎంత మిగులుతుందన్నది లెక్కగట్టి చెబుతుంది. అమెరికా కాపీరైట్ చట్టం 105వ సెక్షన్ ప్రకారం ఫెడరల్ ఉద్యోగి విధుల్లో భాగంగా రాసినదానికి ఆ దేశంలో కాపీరైట్ ఉండదు. కాంట్రాక్టర్ రాసినదానికి ఈ సూత్రం నేరుగా వర్తించదని, ఆ తేడా చూసుకోవాలని ఆయన గట్టిగా చెప్పారు. ఇలా ఫెడరల్ ఉద్యోగి చేతిలోంచే వచ్చిన ఇమేజ్‌జే అనే ప్రోగ్రాం మైక్రోస్కోపు చిత్రాలను కొలుస్తోంది. అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల కోసం పుట్టిన విస్టా అనే సాఫ్ట్‌వేర్ ఆధారంగా జోర్డాన్ తన ఆస్పత్రులకు హకీమ్ అనే రికార్డుల వ్యవస్థను కట్టుకుంది.

తర్వాత తన ఉద్యోగం నాటి సంగతి ఎత్తుకున్నారు. ఒక సంస్థ అమ్మిన ఖరీదైన ప్యాకేజీ వాళ్ల ఆఫీసుకు వచ్చింది. తెర మీద ప్రతి వీధికీ అడిగినంత నీరు. ఊళ్లో చూస్తే శివారు కాలనీలో బిందె నిండదు. లెక్క ఎలా వేస్తున్నారని అడిగితే వ్యాపార రహస్యమన్నారు. చివరికి ఒక జూనియర్ ఆ ప్యాకేజీ డేటా ఫైలు తెరిచి చూస్తే, శీర్షికలన్నీ ఈపానెట్ మాన్యువల్‌లో ఉన్నవే!

అమ్ముకోవడం తప్పు కాదు, చట్టం దాన్ని ఆపదు. పేరు దాచడమే ఆయన్ను ఇప్పటికీ బాధిస్తోంది. పేరు తెలిసి ఉంటే ఉచితంగా దొరికే మాన్యువల్ మొదటి రోజే తీసి చదివేవారు. పీడనం ఎంత పడిపోయినా వినియోగదారుడికి కోరినంత నీరు అందుతుందని ఆనాటి ఈపానెట్ అనుకునేదని అందులోనే తెలిసేది. ఇరవై నాలుగు గంటలూ నీళ్లుండే ఊరికి ఆ ఊహ సరిపోతుంది. రోజుకో గంట, రెండు రోజులకో గంట వదిలే మన ఊళ్లకు ఎలా సరిపోతుంది? పీడనాన్ని బట్టి సరఫరా తగ్గే లెక్క 2020లో వచ్చిన 2.2 వెర్షన్‌లో చేరింది. దాని వెనుక ప్రభుత్వానికి బయట ఉన్న ఇంజినీర్ల శ్రమ కూడా ఉంది. వాళ్లు నిర్వహించే కోడ్‌కు ఎంఐటీ లైసెన్స్ ఉంది. అంటే ఒకే ప్రోగ్రాంలో పాత పొర అందరిదీ, కొత్త పొరకు షరతులున్నాయి.

ఇక్కడ ఆయన గొంతు మారింది. "నెట్‌లో దొరికింది సార్ అంటారేమిటి నాన్నా? దొరకడానికి అదేమన్నా దారిలో పడి ఉన్న చిల్లరా? ఎవరు రాశారు, ఏ వెర్షన్, మీరేం మార్చారు... మూడు ముక్కలు రాయడానికి బద్ధకమా?" పిల్లలు నవ్వారు గానీ ఆయన నవ్వలేదు.

మన దేశం సంగతి కొద్దిగానే చెప్పారు. 1957 నాటి కాపీరైట్ చట్టం కింద, వేరే ఒప్పందం లేకపోతే, ప్రభుత్వ రచనకు ప్రభుత్వమే తొలి యజమాని. ప్రచురించాక హక్కు 60 ఏళ్లు. గెజెట్‌కూ తీర్పులకూ ఉన్న మినహాయింపు సాఫ్ట్‌వేర్‌కు లేదు. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్ తెరవాలనే కేంద్ర విధానం 2015లో వచ్చింది, ఆరోగ్యసేతు ఆండ్రాయిడ్ కోడ్ 2020 మేలో బయటికొచ్చింది. ప్రజల డబ్బుతో రాసిన కోడ్‌కు అరవై ఏళ్ల తాళం ఎందుకని ఆయన సూటిగా అడిగారు. మీలో సర్కారు కొలువులో చేరేవాళ్లు మొదటి ఫైలు మీదే ఈ ప్రశ్న రాయండన్నారు.

కూర్చోబోతూ మళ్లీ సివిల్ విద్యార్థుల వైపు తిరిగారు. లైబ్రరీలో ఉన్న మీ ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈపానెట్ వెర్షన్ ఏదో రాయనివాళ్లు ఈ వారంలోనే వెళ్లి చేర్చిరావాలని, గైడ్ సంతకం కూడా పెట్టించాలని చెప్పి మైకు వదిలారు.