రెండు నిమిషాల రౌండు

(స్త్రీల శ్రమ, వేతనం అంశంపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల శ్రమ, దాని విలువ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వ్యవసాయ కూలీల గురించో, బీడీలు చుట్టే వాళ్ళ గురించో చెబుతానని మీరు అనుకుని వుంటారు. నేనివాళ అమెరికాలోని ఒక నల్లజాతి స్త్రీ గురించి, ఆమె చేసే బాక్సింగ్ గురించి మాట్లాడదామనుకుంటున్నాను. కొట్టుకోవడం కూడా ఒక హక్కేనా అని కొందరు నొసలు ముడుస్తున్నారు. ఆ ప్రశ్న దగ్గరికి తర్వాత వస్తాను.

ఆమె పేరు క్లరెసా షీల్డ్స్. 1995లో మిచిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో పుట్టింది. ఒకప్పుడు కార్ల ఫ్యాక్టరీలతో కళకళలాడిన వూరు అది. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే పోయాక నిరుద్యోగం మిగిలింది. 2014లో ఖర్చు తగ్గించుకోవడానికి తాగునీటిని ఫ్లింట్ నదికి మార్చి, పాత గొట్టాల్లోని సీసం పిల్లల ఒంట్లోకి చేరేలా చేసింది కూడా ఆ వూళ్ళోనే. తండ్రి లైసెన్సు లేని పోటీల్లో బాక్సింగ్ చేసినవాడు, ఆమె పసితనంలో ఏళ్ళ తరబడి జైల్లో వున్నాడు. చిన్నప్పుడు తనమీద లైంగిక హింస జరిగిందని క్లరెసా తర్వాత తనంతట తానే బహిరంగంగా చెప్పింది. 11వ యేట బాక్సింగ్ నేర్చుకుంటానంటే, అది మగవాళ్ళ ఆట అని తండ్రే మొదట అడ్డం చెప్పాడట.

మగవాళ్ళ ఆట అన్న ఆ మాట ఒక్క తండ్రి నోటి నుంచి వచ్చింది కాదు. అమెరికాలో అమెచ్యూర్ బాక్సింగ్‌లోకి ఆడపిల్లలని రానివ్వాలని 1993లో డల్లాస్ మెలాయ్ అనే 16 ఏళ్ళ అమ్మాయి కోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. బ్రిటన్‌లో జేన్ కౌచ్‌కి ప్రొఫెషనల్ లైసెన్సు ఇవ్వనన్న బాక్సింగ్ బోర్డు చెప్పిన కారణం వింటే మీకు నవ్వాలో ఏడవాలో తెలియదు. నెలసరికి ముందు స్త్రీల మనసు నిలకడగా వుండదట! 1998లో ట్రిబ్యునల్ అది లింగ వివక్షేనని తీర్పు చెప్పింది. ఒలింపిక్స్‌లో స్త్రీల బాక్సింగ్‌ని చేర్చాలని 2009లో నిర్ణయించారు, 2012 లండన్‌లో మొదలుపెట్టారు. అంతలో అంతర్జాతీయ సంఘానికి ఇంకో ఆలోచన వచ్చింది. టీవీలో చూసేవాళ్ళకి ఆడో మగో తెలియడం లేదు కాబట్టి స్త్రీ బాక్సర్లు స్కర్టులు వేసుకోవాలని. గట్టిగా నిరసన రావడంతో స్కర్టు ఇష్టమైన వాళ్ళు వేసుకోవచ్చు అని సర్దుకున్నారు.

లండన్‌లో మగవాళ్ళకి పది బరువు తరగతులు, ఆడవాళ్ళకి మూడు. మొత్తం 36 మంది స్త్రీలు. మూడే తరగతులు వుండడం వల్ల మన మేరీ కోమ్ 48 కిలోల తరగతి వదిలేసి తనకంటే పెద్ద శరీరాలతో 51 కిలోలలో పోటీ చేయాల్సి వచ్చింది, అయినా కంచు పతకం తెచ్చుకుంది. క్లరెసాకి అప్పటికి 17 ఏళ్ళు. 75 కిలోలలో బంగారు పతకం గెలిచింది. ఆ ఒలింపిక్స్‌లో అమెరికా పురుష బాక్సర్లు ఒక్క పతకం కూడా తేలేదు. ఆ దేశానికి బాక్సింగ్‌లో వచ్చిన ఏకైక బంగారం ఈ పిల్ల తెచ్చిందే.

బంగారు పతకంతో ఇంటికి వచ్చాక ఏమయింది? ఏమీ కాలేదు. ఏ పెద్ద కంపెనీ ప్రకటనల కోసం రాలేదు. 2015లో ఆమె మీద వచ్చిన 'టీ-రెక్స్' అనే డాక్యుమెంటరీలో చూస్తాం, మనుషుల్ని కొట్టడం తనకిష్టమని చెప్పడం మానేయమని బాక్సింగ్ సంఘం వాళ్ళే ఆమెకు సలహా ఇస్తారు. బాక్సరు కొట్టడం ఇష్టమంటే తప్పెందుకయింది? ఒక మగ బాక్సరు అదే మాటంటే దాన్ని పోస్టరు మీద వేసి టికెట్లు అమ్ముతారు. ఆమె నల్లపిల్ల, పేదపిల్ల, బలమైన శరీరం వున్న పిల్ల. ప్రకటనల మార్కెట్టు కోరుకునే 'అమ్మాయి' నమూనాలో ఈ మూడింటికీ చోటు లేదు. జాతి, వర్గం, జెండర్ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి వుంటాయో పుస్తకాల్లో చాలా రాసుకున్నాం, ఇక్కడ మాత్రం ఒక అమ్మాయి బ్యాంకు ఖాతాలో కనబడుతుంది.

2016లో రియోలో మళ్ళీ గెలిచింది. వరుసగా రెండు ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన మొదటి అమెరికన్ బాక్సర్ ఆమె. ఆడా మగా కలిపి చెబుతున్నాను. ఆ యేడే నవంబరులో ప్రొఫెషనల్ అయింది. ఆ తర్వాత గెలుపుల జాబితా పెద్దది, అదంతా చదవను. 2019లో క్రిస్టినా హామర్ మీద గెలిచి మిడిల్‌వెయిట్‌లో నాలుగు బెల్టులూ సంపాదించింది. 2021లో సొంత వూరు ఫ్లింట్‌లోనే ఇంకో తరగతిలో మళ్ళీ నాలుగూ. ఆ రోజు పోటీలన్నీ స్త్రీలవే. పెద్ద ఛానెల్ మీద కాక, స్వతంత్రంగా పే-పర్-వ్యూలో అమ్ముకున్నారు. 2022లో లండన్‌లో సవన్నా మార్షల్‌ని ఓడించింది. అమెచ్యూర్‌గా క్లరెసా ఓడిన ఒకే ఒక్క పోటీ 2012లో ఆ మార్షల్ చేతిలోనే. ఆ రాత్రి కూడా పోటీలన్నీ స్త్రీలవే, ఓ2 అరీనా నిండిపోయింది. స్త్రీల బాక్సింగ్ చూసేవాళ్ళు లేరు అనే మాట అక్కడితో ఆగిపోవాలి నిజానికి. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ ఫ్లింట్‌లో డేనియల్ పెర్కిన్స్ మీద హెవీవెయిట్‌లో గెలిచింది.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో పురుషుల చాంపియన్‌షిప్ పోటీ అంటే 12 రౌండ్లు, రౌండుకి మూడు నిమిషాలు. స్త్రీలదయితే 10 రౌండ్లు, రౌండుకి రెండు నిమిషాలు. వాళ్ళది 36 నిమిషాలు, వీళ్ళది 20. ఎందుకు అంటే, ఆడవాళ్ళ శరీరం, మెదడు తట్టుకోలేవు, వాళ్ళ రక్షణ కోసం అంటారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. మీరు తక్కువసేపు ఆడతారు కదా, తక్కువే ఇస్తాం అంటారు. రెండు నిమిషాల్లో ప్రత్యర్థిని అలసిపోయేలా చేసి పడగొట్టడం కష్టం కాబట్టి నాకౌట్లు తక్కువ. నాకౌట్లు లేవు కాబట్టి చూడ్డానికి చప్పగా వుంటుంది, అందుకని ఇంకా తక్కువ. మొదట చేతులు కట్టేసి, తర్వాత పని సరిగా చేయడం లేదని కూలి కోయడం ఇది. మూడు నిమిషాలు ఇవ్వమని క్లరెసా ఏళ్ళుగా అడుగుతూనే వుంది.

మనకిది కొత్తగా వుందా? అరక దున్నడం బరువు పని, నాటు వేయడం తేలిక పని అని ఎవరు నిర్ణయించారు? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బురదలో నడుం వంచి నిలబడే పనిని తేలికంటే, అలా అన్నవాడు నాటు వేయలేదని అర్థం. 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షను స్త్రీలని రాత్రి పని నుంచి 'రక్షించింది'. ఆ రక్షణ వల్ల రాత్రి షిఫ్టుకి ఇచ్చే అదనపు డబ్బూ, కొన్ని వుద్యోగాలూ మగవాళ్ళవయ్యాయి. అందులోని ఆ నిషేధాన్ని మద్రాసు హైకోర్టు 2000లో కొట్టేసింది. అదీ కార్మిక స్త్రీలు వెళ్ళి అడిగితేనే.

తల మీద దెబ్బల ప్రమాదం నిజం కాదని నేను అనడం లేదు. చాలా నిజం. 1982లో కొరియా బాక్సర్ కిమ్ దుక్ కూ, రే మాన్సీనీతో పోటీలో దెబ్బలు తిని కొద్ది రోజులకే చనిపోయాడు. అప్పటిదాకా 15 రౌండ్లు వుండేవి. ఆ మరణం తర్వాత ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ వాటిని 12కి తగ్గించింది. మిగతా సంఘాలూ క్రమంగా అదే చేశాయి. మగవాళ్ళ శరీరం బలహీనమని అప్పుడు ఎవరూ అనలేదు. మూడు రౌండ్లు తగ్గాయి కాబట్టి మగవాళ్ళ డబ్బూ తగ్గించాలని అసలే అనలేదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో వాళ్ళ పారితోషికాలు ఆకాశానికి పోయాయి. 2015లో మేవెదర్ ఒక్క పోటీకి తీసుకున్నది పది కోట్ల డాలర్లకు ఎంతో పైన. 2022లో కేటీ టేలర్, అమాండా సెరానో న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రధాన పోటీ ఆడిన మొదటి స్త్రీలయినప్పుడు, ఒక్కొక్కరికి పది లక్షల డాలర్లు దాటిందని అదే చరిత్ర అని రాసుకున్నాం.

ఆ సెరానోయే 2023 అక్టోబరులో డానిలా రామోస్‌తో మగవాళ్ళ లాగానే 12 రౌండ్లు, మూడేసి నిమిషాలు ఆడింది. ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఆమె ఆ సంస్థ ఇచ్చిన బెల్టునే వదిలేసుకుంది. స్త్రీ బాక్సర్లందరూ ఒకే మాట మీద వున్నారని కూడా చెప్పలేను. టేలర్ లాంటి వాళ్ళు రెండు నిమిషాల పద్ధతే బాగుందంటారు. వేగంగా సాగుతుందని వాళ్ళ వాదన. నాకయితే అందులో తప్పేమీ కనిపించదు. ఎంచుకునే వీలుండడం వేరు, ఒక్క పద్ధతే రాసిపెట్టడం వేరు. ఇంకో విచిత్రం చూడండి. 2021లో క్లరెసా మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లోకి వెళ్ళి అయిదేసి నిమిషాల రౌండ్లు ఆడింది. అక్కడ ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ అవే అయిదు నిమిషాలు. అదే శరీరం, అదే మెదడు. ఆ బరిలో లేని ప్రమాదం బాక్సింగ్ రింగులోకి రాగానే ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు మొదట వాయిదా వేసిన ప్రశ్న. హింసని వ్యతిరేకించే మనం బాక్సింగ్‌ని ఎలా సమర్థిస్తాం? నేను బాక్సింగ్ అభిమానిని కాను, పోటీలు చూస్తూంటే ఇప్పటికీ కళ్ళు మూసుకుంటాను. కానీ ఇంట్లో దెబ్బలు తినే స్త్రీకీ, రింగులో నియమాలకు ఒప్పుకుని ఎదురుగా నిలబడిన స్త్రీకీ తేడా వుంది. ఒకతెకి తిరిగి కొట్టే హక్కు లేదు, రిఫరీ లేడు, గంట మోగదు. చిన్నతనంలో తన శరీరం మీద ఏ అధికారమూ లేకుండా పోయిన పిల్ల, ఆ శరీరాన్నే తన బతుకుతెరువుగా, గౌరవంగా మార్చుకుంది. బాక్సింగే వుండకూడదని ఎవరయినా వాదిస్తే కూర్చుని వింటాను. మగవాళ్ళది వుండాలి, ఆడవాళ్ళది సగమే వుండాలి అంటే మాత్రం వినను.

మనకి దగ్గరి విషయం ఒకటి చెప్పి ఆపుతాను. నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ మీకందరికీ తెలుసు. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకి సెలక్షన్ ట్రయల్ పెట్టమని కేంద్ర మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. ట్రయల్ పెట్టారు, మేరీ కోమ్ చేతిలో ఓడింది. తర్వాత 2022, 2023లలో ప్రపంచ చాంపియన్ అయింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో ఆడింది. అక్కడ ఆమె ఆడినవి మూడేసి నిమిషాల రౌండ్లు, టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో ఆడా మగా అందరికీ అంతే. పారిస్‌లో బరువు తరగతులు కూడా మగవాళ్ళకి ఏడు, ఆడవాళ్ళకి ఆరు వరకూ వచ్చాయి. ఇంత దూరం వచ్చిన ఏ అమ్మాయయినా ప్రొఫెషనల్‌గా మారి ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ బెల్టు కోసం దిగితే, ఆ మూడు నిమిషాల్లో ఒకటి వెనక్కి తీసుకుంటారు, దాంతోపాటు డబ్బూ.

మీ ప్రశ్నలకి చాలా సమయం వుంచాలనుకున్నాను, నేనే ఎక్కువ తీసుకున్నట్టున్నాను. ఇక మాట్లాడుకుందాం.