సీబ్రూక్ కూరగాయల కర్మాగారము



ఇటీవల ఒక సాయంకాలము మా గ్రామమున రచ్చకట్టపై గూర్చుండియుండగా, నా పూర్వశిష్యుడైన ఒక రైతు వచ్చి యిట్లనెను: "అయ్యవారూ! నిన్న సంతకు దోలిన టమాటాలకు బండిబాడుగయైనను రాలేదు. దారిప్రక్కన గుమ్మరించి వచ్చితిని. మన యూరికి కూరగాయలను నిలువచేయు కర్మాగారమొకటి వచ్చుననియు, దానికి మా పొలములు గావలయుననియు జెప్పుకొనుచున్నారు. ఈయవచ్చునా?" నేను బడిపంతులనేకాని వర్తకుడను గాను. అయినను సందేహము గలిగినపుడు పూర్వచరిత్రము దిరుగవేయుట మా వృత్తిధర్మము. అట్లు వెదకగా గనబడిన యొక కర్మాగారముయొక్క కథను నేడు మీకు విన్నవించెదను.

కాయ తొడిమనుండి వీడిన గడియనుండియే దానికి క్షయ మారంభమగును. ఈ సత్యము మన తల్లు లెరుగుదురు. కావుననే ఎండ, ఉప్పు, నూనె యను మూటి సాయమున వరుగులును ఊరగాయలును బెట్టిరి. కాని పచ్చికాయ రుచి వానిలో నిలువదు. ఫ్రాన్సు దేశీయుడగు నికొలా అప్పేర్ పదార్థములను సీసాలలో నుంచి, గాలి చొరకుండ బిగించి, కాగు నీటిలో నుడికించి నిలువచేయు విధమును 1810లో ప్రకటించి, ప్రభుత్వమువలన 12,000 ఫ్రాంకుల బహుమాన మందెను. పిదప సీసాకు మారుగా తగరపుపూత గల యినుపడబ్బా వచ్చెను. శతాబ్దము గడచినపిమ్మట, క్లారెన్స్ బర్డ్స్ఐ యను నమెరికనుడు లాబ్రడార్ మంచుసీమలో, అచటి ప్రజలు పట్టిన చేప చలిగాలికి తక్షణమే గడ్డకట్టి, నెలలు గడచిన తరువాత గూడ తాజాగా నుండుట చూచెను. మెల్లగా గడ్డకట్టినచో పెద్ద మంచుపలుకు లేర్పడి కాయలోని కణములను జీల్చును. శీఘ్రముగా గడ్డకట్టినచో పలుకులు సన్నములై హాని స్వల్పమగును. రహస్యమంతయు నింతే.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున, కంబర్లాండు మండలములో, సీబ్రూక్ వంశీయులు చిన్న కమతముపై కూరగాయలు పండించి జీవించుచుండిరి. 1881లో జన్మించిన చార్లెస్ సీబ్రూక్ తండ్రి పొలమును విస్తరించి, మీదినుండి వానవలె జల్లు గొట్టములతో నీరు పారించి, యంత్రములు దెచ్చి, వ్యవసాయమును కర్మాగారముగా మార్చెను. 1924లో ఋణభారమువలన సంస్థ చేజారెను. అతడు కొన్ని యేండ్లకే దానిని మరల దక్కించుకొని, తొలుత డబ్బాలలో నిలువచేయుటయు, పిదప బర్డ్స్ఐ పద్ధతిని గడ్డకట్టించుటయు నారంభించెను. లీమా చిక్కుళ్లు, బఠానీలు, పాలకూర పొలమునుండి కొలది గంటలలోనే శాలకు జేరును. అచట కడిగి, వేడినీటిలోనో ఆవిరిలోనో ఒక్కింతసేపు వెచ్చజేసి, పెట్టెలకెత్తి, మంచుగట్టింతురు. ఆ వెచ్చజేయుటవలననే రంగును రుచియు జెడకుండును. 1955లో లైఫ్ పత్రిక దీనిని భూమిపై నన్నిటికంటె పెద్ద కూరగాయల కర్మాగారమని వర్ణించెను.

ఇది యంత్రముల కథ. ఇక చేతుల కథ వినుడు. 1934లో కూలి తగ్గింపగా, నీగ్రోలును ఇటాలియనులును గలసి సమ్మె కట్టిరి. వారిపై బాష్పవాయువు ప్రయోగింపబడెను. 1942లో అమెరికా ప్రభుత్వము పశ్చిమతీరమునందలి జపాను సంతతివారిని, రమారమి 1,20,000 మందిని, ఇండ్లు వాకిళ్లు విడిపించి కంచెల నడుమ నిర్బంధించెను. వారిలో పెక్కుండ్రు ఆ దేశ పౌరులే! కర్మాగారమునకు కూలీలు కొరవడగా, 1944 మొదలుకొని అట్టివారు దాదాపు 2,500 మంది సీబ్రూకునకు వచ్చిరి. యుద్ధానంతరము ఎస్టోనియానుండి కాందిశీకులును వచ్చిరి. నిలువ నీడయు, బిడ్డలకు బడియు లభించెను; నిజమే. కాని దినమునకు 12 గంటల పని. ఇల్లును యజమానిదే, కొలువు పోయిన నీడయు బోవును. ఆశ్రయమిచ్చిన చేయియే మెడపై నుండెను.

తుదకు తండ్రికొడుకులకు పొసగక, 1959లో వృద్ధుడు సంస్థను పరుల కమ్మివైచెను. 1964లో నతడు గతించెను. 1982లో ఆ శాల మూతబడెను. యంత్రములు నిలిచిపోయినను జనులు నిలిచిరి. వారే పూనుకొని 1994లో తమ చరిత్రమును దెలుపు ప్రదర్శనశాలను స్థాపించిరి.

ఈ కథ చెప్పి నా శిష్యునితో నిట్లంటిని: "నాయనా! కాయకు ఆయువు పోయు విద్య గొప్పది, దానిని వలదనకుము. నీ టమాటాలు దారిపాలు గాకుండుటకు అదియే మార్గము కావచ్చును. కాని పంట నమ్ముము, పొలము నమ్మకుము. నలుగురు గూడి ధరను, తూనికను, కూలిని నాటుటకు మునుపే కాగితమున వ్రాయించుకొనుడు. ఒక్క కర్మాగారమునే నమ్మి ఊరంతయు ఒక్క పైరే వేయకుడు. ఒక యింటి కలహముననో, ఒక సంతకమువలననో అది మూతబడవచ్చును."

అతడు కొంతసేపు మౌనముగా నుండి, "పొలము నాతోనే యుండును, అయ్యవారూ!" అని లేచి వెడలెను. అతని యన్నదమ్ములు మాత్ర మింకను నిర్ణయించుకొనలేదు. మీ యూళ్లలోను ఇట్టి ప్రశ్న పుట్టినచో, రచ్చకట్టపై పెద్దలు గూర్చుండి చర్చింతురుగాక! సెలవు.