తెర మీది సాహసం – మన సాహసం

 

మా తిరువూరు హాస్టల్లో టీవీ పెడితే పిల్లలు ముందు అడిగేది ‘మ్యాన్ వర్సెస్ వైల్డ్’. బేర్ గ్రిల్స్ పామును తింటుంటే కళ్లార్పకుండా చూస్తారు. చూడండి, తప్పులేదు. కానీ ఆయన బ్రిటిష్ సైన్యంలో శిక్షణ పొందిన మనిషి. వెంట కెమెరా బృందం ఉంటుంది. షూటింగ్ రోజుల్లో కొన్ని రాత్రులు హోటల్లో గడిపారని 2007లో బయటపడింది. కాబట్టి సెలవుల్లో వాగుల్లో, గుట్టల మీద ఆ విన్యాసాలు చేయొద్దు.

మాలావత్ పూర్ణను చూడండి. నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడా బిడ్డ, గురుకుల విద్యార్థిని. భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది, లద్దాఖ్ చలిలో సాధన చేసింది. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. తోడుగా ఎక్కింది మన పక్క ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. గ్రిల్స్ అదే శిఖరం ఎక్కింది 23 ఏళ్లకు.

ఏ గడ్డ ఉడకబెట్టి తినాలో, ఏ కాయ విషమో మన అవ్వాతాతలకు తెలుసు. ఏ టీవీలోనూ అది రాదు. వాళ్లుండగానే అడిగి నోటుబుక్కులో రాసుకోండి. వచ్చే సమావేశానికి తెండి, అందరం కూర్చుని చదువుకుందాం.