వయొలెట్ తాడు తెగలేదు

ఈరోజు పుస్తకం ‘ది బ్యాడ్ బిగినింగ్’. లెమనీ స్నికెట్ పేరుతో డేనియల్ హ్యాండ్లర్ రాసిన పిల్లల నవల, 1999లో వచ్చింది.

ఇందులో వయొలెట్‌కి 14 ఏళ్లు. ఏదో ఒకటి కనిపెట్టడమంటే ప్రాణం. ఆలోచించాలంటే ముందు జుట్టు రిబ్బన్‌తో కట్టేసుకుంటుంది. అమ్మానాన్న అగ్నిప్రమాదంలో పోయారు. ఆస్తి కోసం కౌంట్ ఓలాఫ్ ఆమె పసి చెల్లెల్ని పంజరంలో పెట్టి టవర్ మీంచి వేలాడదీస్తాడు. నన్ను పెళ్లి చేసుకుంటావా, లేదా పంజరం వదిలేయనా అంటాడు.

రాత్రికి రాత్రే వయొలెట్ రాడ్డు వంచి కొక్కెం చేసింది, బట్టలు చింపి తాడు పేనింది. టవర్ ఎక్కేసింది కూడా! కానీ పైన ఓలాఫ్ మనిషి కాపలా ఉన్నాడు. దొరికిపోయింది.

ఇక్కడ నేను పుస్తకం మూసేశా ఫ్రెండ్స్. ఉద్యోగంలో ఉన్నప్పుడు నెలల తరబడి రాసిన ఒక టూల్ చక్కగా నడిచింది. అయినా ప్రాజెక్ట్ ఆపేశారు. నాకే చేతకాలేదనుకున్నా, చాలా రోజులు.

వయొలెట్ అలా అనుకోలేదు. పెళ్లికూతురు తన చేత్తోనే సంతకం చేయాలని రూల్. కుడిచేతివాటం పిల్ల ఎడమచేత్తో పెట్టింది. పెళ్లి చెల్లలేదు! ఈసారి కొక్కెం లేదు, తాడు లేదు. ఉన్నది అదే బుర్ర.

కథ కాస్త చీకటిగా ఉంటుంది. చిన్నపిల్లలైతే పక్కన కూర్చుని చదివించండి. మళ్లీ కలుద్దాం!