మాస్టారికి బాకీపడ్డ జవాబు



1987లో నేను పదో తరగతి. ఒకరోజు మా సైన్సు మాస్టారు పేపరు పట్టుకుని క్లాసుకొచ్చారు. పింగాణీలాంటి పదార్థంలో నిరోధమే లేకుండా కరెంటు ప్రవహించిందని వార్త. "పింగాణీ విద్యుత్ బంధకం కదా సార్, కరెంటు స్తంభాల మీద పెట్టేది అందుకే కదా" అన్నాను. "పరీక్షలో బంధకమనే రాయి. ఇదెందుకిలా అయిందో నాకూ తెలీదు. నీకు తెలిస్తే వచ్చి చెప్పు" అన్నారు. ఆయన ఇవాళ ముందు వరుసలో ఉన్నారు. కాస్త భయంగానే ఉంది.

అతివాహకత కొత్తది కాదు. 1911లో లైడెన్‌లో కామెర్లింగ్ ఒన్నెస్ పాదరసాన్ని 4.2 కెల్విన్‌కు చల్లబరిస్తే నిరోధం మాయమైంది. కారణం 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ చెప్పారు. ఎలక్ట్రాన్ పోతూపోతూ చుట్టూ ఉన్న ధన అయాన్లను కొంచెం దగ్గరికి లాగుతుంది. అవి బరువైనవి, సర్దుకునేలోపు అది దూరం వెళ్లిపోతుంది. ఆ చోటికి మరో ఎలక్ట్రాన్ ఆకర్షితమవుతుంది. అలా జత కుదురుతుంది.

1986లో జ్యూరిచ్ దగ్గరి ఐబీఎం ప్రయోగశాలలో బెడ్నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడు పదార్థంలో అతివాహకత చూశారు. మరుసటి ఏడాది ఇట్రియం ఉన్న రకం 93 కెల్విన్ దగ్గరే అతివాహకమైంది. 77 కెల్విన్ దగ్గర మరిగే ద్రవ నైట్రోజన్ చాలు దాన్ని చల్లబరచడానికి. కానీ ఇక్కడ ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణ మరీ బలమైనది. పాత వివరణ చాలదు.

మన పరీక్ష హాలు గుర్తుచేసుకోండి. బెంచీకి ఒక్కరే, ఎవరూ కదలడానికి లేదు. మామూలు రాగి ఆక్సైడు పొరలో ఒక్కో రాగి పరమాణువు దగ్గర ఒక్కో ఎలక్ట్రాన్ అలాగే కూర్చుంటుంది, రెండోదాన్ని రానివ్వదు. అందుకే అది బంధకం. మీరు చెప్పింది తప్పు కాదు మాస్టారూ! పైగా ఎ సెట్, బి సెట్ పేపర్లు పంచినట్టు పక్కపక్కవాటి స్పిన్లు ఎదురు దిశల్లో ఉంటాయి. కొందరిని బయటికి పంపితే ఖాళీలు వస్తాయి, జరగొచ్చు. కానీ జరిగినప్పుడల్లా ఎ పక్కన ఎ చేరి వరస చెడుతుంది. రెండు ఖాళీలు జంటగా కదిలితే ముందుది చెడగొట్టిన వరసను వెనకది సర్దుతుంది. జత కలిపేది ఈ స్పిన్ల వరసేనని మాలో చాలామంది నమ్మకం. పోలిక కొంచెం మోటుదే, తోటి శాస్త్రవేత్తలు వింటే కోప్పడతారు.

అయినా అందరూ ఒప్పుకున్న సిద్ధాంతం ఇంకా లేదు. ఒక్కో ఎలక్ట్రాన్‌ను విడిగా తీసుకుని లెక్కవేసే పద్ధతులు ఇక్కడ చతికిలపడతాయి. "ఇన్నేళ్లకీ ఏం కనిపెట్టావురా?" అని మా అమ్మ పోయే ముందు ఏడాది అడిగింది. నాకు నోరు రాలేదు. మాస్టారికి ఇవాళ చెప్పగలిగింది కూడా ఈ సగం జవాబే.

ఇట్రియం రకం నల్లబిళ్ల ఒకటి, ఫ్లాస్కులో ద్రవ నైట్రోజన్ తెచ్చాను. భోజనాలయ్యాక ల్యాబులో ఆ బిళ్ల మీద అయస్కాంతం గాలిలో తేలడం చూపిస్తాను. మాస్టారికి బల్ల పక్కనే కుర్చీ వేయించాను. నైట్రోజన్ సాయంత్రందాకా ఆగదు, ఆలస్యం చేయకండి.